పైన్ వాలులో నేలను ఎలా పరీక్షించాలి?

ఉత్తరాఖండ్‌లో అల్మోరా, రాణిఖేత్ పరిసరాల్లోని కొండలపై ఎక్కువగా చీర్ పైన్ చెట్లే. కానీ ఒకే వాలులో పై అంచున గిడసబారి కనిపించే చెట్టు దిగువన నిటారుగా, ఏపుగా ఎదుగుతుంది. వాన మట్టిని కిందికి జార్చి అక్కడ పోగు చేస్తుంది కాబట్టి, దిగువన నేల లోతూ ఎక్కువే, తేమా ఎక్కువే. ఎంత తేడా ఉందో తవ్వితేనే తెలుస్తుంది.

గునపం, చిన్న పార, టేపు, నీళ్ల సీసా, సంచులు, నేల ఆమ్లతను చూపే పీహెచ్ కాగితాలు చాలు. అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోండి. మట్టిని తొలిచే ఆగర్ మాత్రం వద్దు. రాళ్ల వాలులో అది మొదటి రాయికే ఆగిపోతుంది, దాన్నే అడుగు బండ అనుకుని లెక్క రాసుకుంటారు. గుంతలో అయితే రాయి పక్కనుంచి కిందికి దిగిన వేరు కంటికి కనిపిస్తుంది.

ఒకే దిక్కుకు తిరిగిన వాలులో పైన, మధ్యన, కింద మూడు గుంతలు తవ్వండి. దక్షిణ వాలు ఎండకు ఆరుతుంది, ఉత్తర వాలులో తేమ నిలిచి బాంజ్ ఓక్ చెట్లు పెరుగుతాయి. ఈ రెండింటినీ పోల్చితే తేడా నేలదో ఎండదో తేలదు. రోడ్డు కోసిన గట్టు నుంచి మట్టి గీకి తెచ్చే పని అసలే వద్దు. అది పైనుంచి తోసేసిన మట్టి కావచ్చు.

అందరూ పాడుచేసేది లోతు కొలవడంలోనే. పైన్ అడవిలో నేల ఎక్కడ మొదలవుతుందో చూడగానే తెలియదు. అన్నిటికంటే పైన మూడేసి సూదులు కలిసిన గోధుమరంగు ఆకులు ఉంటాయి. అక్కడివాళ్లు దాన్ని పిరుల్ అంటారు. ఆ కింద సగం కుళ్లిన నల్లటి పొర, అందులో తెల్లటి శిలీంద్ర పోగులు. ఇదంతా చెత్తే, మట్టి కాదు. చిటికెడు తీసి తడిపి వేళ్ల మధ్య నలపండి. పీచు తగిలితే ఇంకా చెత్తలోనే ఉన్నారు. గరగరమని ఇసుక తగిలిన చోటే లోతు కొలతకు సున్నా.

గుంతలో ఎగువ గోడ మీదే కొలవాలి. అందుకే ఆ అంచున నిలబడకండి, తవ్విన మట్టిని దిగువకే వేయండి. టేపును వాలుకు లంబంగా పట్టాలి. 30 డిగ్రీల వాలులో నిట్టనిలువుగా పట్టి 100 సెంటీమీటర్లు అని రాస్తే, అసలు మందం 87 మాత్రమే. మూడు గుంతల్లోనూ ఒకే పద్ధతి పాటించకపోతే పోలిక చెడిపోతుంది.

ఫిబ్రవరి 15 నుంచి జూన్ 15 వరకు అక్కడ కార్చిచ్చుల కాలం. బూడిద పడిన నేలలో ఆమ్లత తగ్గి కనిపిస్తుంది కాబట్టి వానలు వెళ్లాక, అక్టోబరు, నవంబరు నెలల్లోనే నమూనాలు తీయాలి.

మిగతాది తేలిక. తడి మట్టిని వేళ్లతో రిబ్బనులా నొక్కండి. పొడవుగా సాగితే బంకమట్టి. నీరు నిలిచే అలాంటి నేలలో చీర్ పైన్ సరిగా ఎదగదు. వెంటనే తెగితే ఇసుక పాలు ఎక్కువ. బండ పైపైనే ఉంటే వేళ్లు పక్కలకు పాకుతాయి, పెద్దగాలికి చెట్టు కూలే ప్రమాదం ఎక్కువ. సన్నవేళ్ల చివర్లు పొట్టిగా, పంగల్లా చీలి ఉన్నాయేమో చూడండి. అవి వేరుతో కలిసి బతికే శిలీంద్రం గుర్తులు. పేద నేలలో చెట్టుకు భాస్వరం అందించేది అదే.

చివరగా అడుగు మట్టిని అడుగున, పై మట్టిని పైన వేసి గుంత పూడ్చి, పిరుల్ తిరిగి పరచండి. వాలులో కప్పు లేని మట్టిని మొదటి పెద్దవానే కోసుకుపోతుంది.