ఏంజెల్స్ ఎగ్ మొదటిసారి చూస్తున్నారా, అయితే ఇట్లా చూడండి

ఏంజెల్స్ ఎగ్ పెట్టి పావుగంటకే ఆపేసిన ఫ్రెండ్స్ మీకూ ఉండే ఉంటరు. జపాన్ డైరెక్టర్ మమోరు ఓషీ 1985లో తీసిన యానిమేషన్ సినిమా, 71 నిమిషాలే, థియేటర్ కోసం కాకుండా నేరుగా వీడియోలో రిలీజ్ చేశారు, ఇట్లాంటి వాటిని జపాన్‌లో ఓవీఏ అంటరు. ఇందులో కథ కోసం ఎదురు చూస్తే విసుగొస్తది, చూపు, చెవి రెండూ పెట్టి కూర్చుంటే మాత్రం అస్సలు వదలదు.

ముందు ప్రింట్ సంగతి చూస్కోండి. సినిమా దాదాపు మొత్తం చీకట్లోనే నడుస్తది, నలుపులోనే నాలుగైదు రకాల నలుపు, దాని మీద కొంచెం నీలం, బూడిద రంగు, అరిగిపోయిన పాత కాపీలో అవన్నీ కలిసిపోయి ఒకటే మసి లాగా కనపడతయి. 2025లో ఓషీ పర్యవేక్షణలోనే 4కే రీమాస్టర్ వచ్చింది, కాన్ ఫెస్టివల్‌లో క్లాసిక్స్ విభాగంలో కూడా వేశారు, దొరికితే అదే చూడండి. 1988లో అమెరికాలో ఇందులోని ముక్కలు తీస్కొని మనుషులతో తీసిన సీన్లు కలిపి ఇన్ ది ఆఫ్టర్‌మాత్ అని వేరే సినిమా చేశారు, పొరపాటున దాంతో మొదలుపెట్టకండి.

టీవీలో వివిడ్ మోడ్ తీసేసి సినిమా మోడ్ పెట్టండి, మోషన్ స్మూతింగ్ (కదలికల్ని నున్నగా చేసే సెట్టింగ్) ఉంటే అది కూడా ఆఫ్. టైమ్ అయితే రాత్రే, ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక పెడితే నిద్రే. అమీర్‌పేట్ పీజీల్లోనో మెయిన్ రోడ్డు పక్కనో ఉండేవాళ్ళు హెడ్‌ఫోన్స్ తప్పకుండా పెట్టుకోండి, ఎందుకంటే మాటలు చాలా తక్కువ, యోషిహిరో కన్నో మ్యూజిక్, ఆ కోరస్ గొంతులు, నీళ్ళ చప్పుడు, ఇవే సగం సినిమా, కింద బండి హారన్ కొడితే మొత్తం పోతది. ఫోన్ పక్క రూమ్‌లో పెట్టేయండి. బొమ్మల సినిమా కదా అని చిన్నపిల్లల్ని మాత్రం కూర్చోబెట్టకండి, భయపడతరు.

ఇక సినిమాలోకి వస్తే, ఖాళీ ఊర్లో ఒక చిన్న పాప పెద్ద గుడ్డుని గౌను కింద దాచుకొని తిరుగుతుంటది, శిలువ లాంటి ఆయుధం భుజాన వేస్కొని ఒకతను వస్తడు, ఇద్దరికీ పేర్లు లేవు. గోడల మీద పెద్ద పెద్ద చేపల నీడలు పోతుంటయి, చేపలు ఉండవు నీడలే, జనం వాటి మీదకే ఈటెలు విసురుతరు. అక్కడ ఆపి దీని అర్థం ఏంటి అని గూగుల్ చేయకండి ప్లీజ్, ఆ పాప జుట్టు చూడండి, యోషితకా అమానో గీసిన గీతలు అవి, తర్వాత ఫైనల్ ఫాంటసీ వీడియో గేమ్స్‌కి బొమ్మలు వేసింది ఆయనే, అంత సన్న గీతల్ని కదిలించడం ఎంత కష్టమో ఆలోచిస్తే ప్రతి ఫ్రేమ్ మీద గౌరవం వస్తది.

మధ్యలో మంట పక్కన పాప పడుకొని ఉంటది, అతను కూర్చొని ఉంటడు, షాట్ చాలాసేపు కదలదు. వీడియో హ్యాంగ్ అయ్యిందేమో అనిపిస్తది, కాలేదు. ఫార్వర్డ్ కొట్టొద్దు, ఆ మంట తగ్గుతుంటే అతను ఏం చేయబోతున్నాడో అనే భయం మీలో పుట్టేది అక్కడే, అది మిస్ అయితే తర్వాత జరిగేది తగలదు.

బైబిల్‌లో నోవా ఓడ కథ తెలిసుంటే చాలా హెల్ప్ అవుతది, ఆదికాండం 6 నుంచి 8 అధ్యాయాలు ముందు రోజు చదివేస్కోండి, పది నిమిషాల పని. సినిమాలో ఆ శిలువ ఆయుధం అతను ఆ కథ చెప్తడు గానీ అతని కథలో పంపిన పక్షి తిరిగి రాదు. మన మత్స్యావతారం కథలో ప్రళయం వస్తే చేపే పడవని కాపాడుతది కదా, ఆ కథ వింటూ పెరిగినవాళ్ళకి ఇక్కడ చేప నీడగా మిగలడం ఇంకా గట్టిగా తగులుతదని నా ఫీలింగ్.

గ్యాంగ్‌తో వద్దు, ఒక్కరే లేదా మాట్లాడకుండా కూర్చునే ఒక ఫ్రెండ్‌తో చూడండి. హైదరాబాద్‌లో లామకాన్ లాంటి కల్చరల్ సెంటర్‌లో ఎవరైనా స్క్రీనింగ్ పెడితే మాత్రం వదులుకోవద్దు. చివర్లో కెమెరా పైకి పైకి పోతది, అప్పుడు రిమోట్ కోసం వెతక్కుండా కింద నేల ఏ ఆకారంలో ఉందో చూడండి. ఎక్స్‌ప్లెయిన్డ్ వీడియోలు రెండోసారి చూశాకే. ఇంకా కావాలంటే ఓషీదే 1995 ఘోస్ట్ ఇన్ ది షెల్ పెట్టండి, అది కథతోనే పరిగెడుతది, కానీ నీళ్ళూ ఖాళీ వీధులూ అక్కడ కూడా కనపడతయి.