కర్నూలు పాతబస్తీలో ఓటు లెక్క: బూత్‌వారీగా పోలింగ్ సరళిని చదివే పద్ధతి

ఎన్నికలు ముగిసిన ప్రతిసారీ కర్నూలులో ఒక మాట వినిపిస్తుంది: పల్లెల్లో జనం బారులు తీరి ఓటు వేశారు, పట్టణంలో చదువుకున్నవాళ్లు ఇళ్లలోనే కూర్చున్నారు. 2024 మే 13న రాష్ట్రమంతటా కలిపి 81.86 శాతం పోలింగ్ నమోదు కాగా, కర్నూలు అసెంబ్లీ నియోజకవర్గం ఆ సగటుకు చాలా దిగువన నిలిచిన మాట నిజమే. అయితే పాతబస్తీలో కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల గేరీల్లో (వీధుల్లో) ఉంటున్నవారికి బద్ధకస్తులన్న పేరు పెట్టే ముందు, ఆ శాతం ఏ సంఖ్యను ఏ సంఖ్యతో భాగిస్తే వచ్చిందో చూడటం న్యాయం. కొంచెం ఓపిక ఉన్నవారెవరైనా తమ పేటకు ఈ లెక్క కట్టుకోవచ్చు.

ముందుగా హద్దులు నిర్ణయించుకోవాలి. కర్నూలు నగరమంతా కర్నూలు నియోజకవర్గంలోనే ఉందనుకోవడం పొరపాటు. కల్లూరు వైపు కాలనీలు నగరపాలక సంస్థ పరిధిలోనే ఉన్నా, అసెంబ్లీ ఓటు పాణ్యం నియోజకవర్గానికి వేస్తాయి. అందువల్ల "పాతబస్తీ" అన్న పేరుతో సరిపెట్టుకోకుండా, ఏయే వీధులను లెక్కలోకి తీసుకుంటున్నారో కాగితం మీద రాసుకుని, ఓటర్ల జాబితాలో ప్రతి భాగం (ఒక పోలింగ్ కేంద్రానికి చెందిన ఓటర్ల విభాగం) మొదటి పేజీలో ఉండే వీధుల వివరాలతో సరిచూసుకుని, మీకు కావలసిన భాగాల సంఖ్యలను గుర్తించాలి. కార్పొరేషన్ వార్డుల హద్దులు వీటితో కలవవు కాబట్టి 2021 మార్చి నాటి నగరపాలక ఎన్నికల అంకెలతో పోల్చడం మంచిది కాదు.

తరువాత రెండు పత్రాలు కావాలి. మొదటిది ఫారం 20. ఏ పోలింగ్ కేంద్రంలో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు వచ్చాయో, నోటాకు ఎన్ని పడ్డాయో తెలిపే ఈ తుది ఫలితాల పట్టిక రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైటులో దొరుకుతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు గాని, ఒక్కో కేంద్రంలో మొత్తం ఓటర్లు ఎందరో ఆ పట్టికలో ఉండదు. అందుకు రెండవ పత్రమైన ఓటర్ల జాబితానే చూడాలి. అదీ ఆ ఎన్నిక నాటి జాబితా, అనుబంధాలతో సహా. పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ అధికారి (కేంద్రం బాధ్యుడు) అభ్యర్థుల ఏజెంట్లకు ఇచ్చే ఫారం 17సి నకలు దొరికితే పని ఇంకా సులువవుతుంది, ఎందుకంటే ఓటర్ల సంఖ్య, పోలైన ఓట్లు రెండూ అందులోనే ఉంటాయి. పేటలో ఏజెంటుగా కూర్చున్నవారిని మర్యాదగా అడిగితే చాలామంది చూపిస్తారు.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. పాతబస్తీ జాబితాలో ఉన్న పేర్లన్నీ పాతబస్తీలో ఉన్న మనుషులవి కావు. పిల్లల చదువుల కోసమో, ఇరుకు ఇంట్లో చోటు చాలకో కొత్త కాలనీలకు తరలినవారు, పెళ్లి చేసుకుని అత్తవారింటికి వెళ్లిన ఆడపిల్లలు, బతుకుదెరువు కోసం హైదరాబాదుకో బెంగళూరుకో గల్ఫ్ దేశాలకో పోయినవారు, కాలం చేసినవారు అందరూ పాత ఇంటి నంబరు కింద అలాగే మిగిలి ఉండవచ్చు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరిని ముంచెత్తాక ఇల్లు మారామని చెప్పే కుటుంబాలు కూడా మీకు తారసపడవచ్చు. లెక్క తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం: జాబితాలో 1,100 పేర్లు ఉన్న బూత్‌లో 620 ఓట్లు పోలైతే అది 56.4 శాతం, ఇంటింటికీ తిరిగినప్పుడు వారిలో 150 మంది ఇక్కడ లేరని తేలితే, మిగిలిన 950 మందిలో అదే 620 ఓట్లు 65.3 శాతం అవుతాయి. ఒక్క ఓటు కూడా పెరగకుండా దాదాపు 9 శాతం పాయింట్ల తేడా వచ్చింది. అందుకే ఒక్క భాగాన్నైనా చేతిలో జాబితా పట్టుకుని గడపగడపకూ తిరిగి చూడాలని నేను గట్టిగా చెబుతాను. తాళం కనిపించిన ఇంటిని ఖాళీ అని రాయకుండా, మరో రెండు పూటలు వెళ్లి, పక్కింటివారిని అడిగి, అప్పుడే గుర్తు పెట్టుకోవాలి.

ఉద్యోగుల ఇళ్లు ఎక్కువగా ఉన్న వీధుల్లో ఇంకో చిక్కు ఉంటుంది. కర్నూలు జిల్లా కేంద్రం కాబట్టి ఎన్నికల విధులకు వెళ్లే ఉపాధ్యాయులు, గుమాస్తాలు ఇక్కడ చాలామంది. వారి పోస్టల్ బ్యాలెట్లు, 2024లో 85 ఏళ్లు దాటినవారు, దివ్యాంగులు ఇంటి వద్దనే వేసిన ఓట్లు ఫారం 20లో చివర ఒకే వరుసలో మొత్తంగా కనిపిస్తాయి తప్ప బూత్ లెక్కలోకి రావు. ఓటు వేసినవారినే వేయనివారిగా చూపించే వరుస ఇది.

రెండు ఎన్నికలను పోల్చేటప్పుడు బూత్ నంబరును నమ్మకూడదు. కేంద్రాల హేతుబద్ధీకరణ (ఓటర్ల సంఖ్యను బట్టి సర్దుబాటు) జరిగిన ప్రతిసారీ నంబర్లు జరుగుతాయి, వీధులు చేతులు మారతాయి. ఒక కేంద్రానికి 1,500 మంది ఓటర్ల పరిమితిని ఎన్నికల సంఘం 2025లో 1,200కు తగ్గించింది కనుక ముందు ముందు ఈ మార్పు ఇంకా పెరుగుతుంది. ఒకే బడి ఆవరణలో ఉన్న బూత్‌లన్నింటినీ కలిపి ఒక గుంపుగా లెక్కిస్తే చాలావరకు ఈ బాధ తప్పుతుంది.

పార్టీల ఓట్లను పోల్చడంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 2019లోనూ 2024లోనూ తెలుగుదేశం అభ్యర్థి టీజీ భరత్ ఒక్కరే అయినా, ఎదుట నిలిచిన వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి మొదటిసారి హఫీజ్ ఖాన్, రెండవసారి ఇంతియాజ్. పైగా 2019లో తెలుగుదేశంతో కలవని జనసేన, భాజపా 2024లో తెలుగుదేశంతో కూటమి కట్టాయి. ఈ తేడాలు రాయకుండా "ఈ పేట ఇటు తిరిగింది" అనడం తొందరపాటు. అంతకంటే పెద్ద తప్పు, బూత్ మొత్తం అంకెను చూసి ఫలానా కులంవారు, ఫలానా మతంవారు ఇలా వేశారని తేల్చేయడం. హిందువులు, ముస్లింలు గోడకు గోడ ఆనించుకుని బతికే ఈ గేరీల్లో బూత్ అంకె అందరిదీ కలిసిన అంకె. దాన్ని ఏ ఒక్కరి నెత్తిన పెట్టడానికీ ఆధారం ఉండదు.

ఇళ్లకు వెళ్లినప్పుడు ఎవరికి వేశారని ఎన్నడూ అడగకూడదు. వేశారా, ఏ వేళ వెళ్లారు, వరుసలో ఎంతసేపు నిలబడ్డారు, ఓటరు స్లిప్పు ఇంటికి వచ్చిందా, కుటుంబంలో అందరి పేర్లూ ఒకే బూత్‌లో ఉన్నాయా అన్న ప్రశ్నలు చాలు. మే నెల ఎండలో వృద్ధులు, చంటిబిడ్డల తల్లులు ఏ గంటకు వెళ్లగలిగారో అడిగితే, నీడ, తాగునీరు లేని కేంద్రమేదో దానంతట అదే బయటపడుతుంది.

తిరిగినప్పుడు తేలిన వివరాలను నోటుపుస్తకంలోనే ఉంచుకోకుండా బూత్ స్థాయి అధికారికి చూపించాలి. ఇల్లు మారినవారు చిరునామా మార్పు కోసం స్వయంగా ఫారం 8 ఇవ్వాలి, చనిపోయినవారి విషయంలో కుటుంబసభ్యుల చేత పేరు తొలగింపు కోసం ఫారం 7 ఇప్పించడం ఉత్తమం; ఇతరుల పేర్ల తొలగింపు కోసం కట్టలుగా దరఖాస్తులు పెడితే బతికి ఉన్నవారి ఓటు పోయే ప్రమాదం ఉంది. పద్దెనిమిదేళ్లు నిండుతున్న పిల్లలు అదే ఇళ్లలో కనిపిస్తారు కాబట్టి కొత్తగా పేరు చేర్పించే ఫారం 6లు కూడా వెంట తీసుకువెళ్లాలి. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల మొదటి తేదీలే అర్హత తేదీలు, అంటే ఆ రోజుకు పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి.