1966 మస్టాంగ్ సమస్యలు: లక్షణాన్ని బట్టి కారణం, కారణాన్ని బట్టి మరమ్మతు

పదేళ్ల వయసులో విజయవాడ ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో, ఇంజను దించి పెట్టిన పాత ప్లిమత్ కారును చూసిన నాటి నుంచి అమెరికా కార్లంటే నాకు తీరని మోజు. టెక్సస్‌లో స్థిరపడిన చాలా ఏళ్లకు, 289 ఘనపు అంగుళాల వీ8 ఇంజను, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే ఆటోలైట్ 2100 కార్బ్యురేటర్ ఉన్న 1966 ఫోర్డ్ మస్టాంగ్ నా చేతికి వచ్చింది. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో జనం ముందుకు వచ్చిన ఈ కారు రెండేళ్లు తిరగకముందే పది లక్షలకు పైగా తయారయింది కనుక, దీని విడిభాగాలు చాలావరకు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. అంత సులువుగా దొరకడం వల్లనే, కారణం తేల్చుకోకుండా ఒకదాని తరువాత ఒకటి మార్చుతూ పోయే అలవాటు పడుతుంది. దానివల్ల డబ్బు వృథా కావడమే కాక, ఫ్యాక్టరీలో బిగించిన మంచి భాగాలు కూడా చెత్తలోకి పోతాయి.

సమస్య: వేడెక్కాక ఇంజను ఆగిపోతుంది, చల్లారితే మళ్లీ స్టార్టవుతుంది

పొద్దున ఒక్క తిప్పుకే అందుకున్న ఇంజను, అరగంట తిరిగాక ఎండలో సిగ్నల్ దగ్గర ఆగిపోయి, ఎంత తిప్పినా పలకదు. దీనికి నిప్పురవ్వ అందకపోవడమో, పెట్రోలు అందకపోవడమో కారణమై ఉంటుంది. ఆ రెండింటిలో ఏది అన్నది కారు ఆగి ఉన్న ఆ పది నిమిషాలలోనే తేల్చుకోవాలి, ఎందుకంటే చల్లారిన తరువాత రెండూ సక్రమంగానే కనిపిస్తాయి.

నేను డిక్కీలో ఎప్పుడూ ఒక పాత స్పార్క్ ప్లగ్ ఉంచుకుంటాను. ఇంజను మీది ఒక ప్లగ్ వైరు ఊడదీసి, ఈ ప్లగ్‌కు తగిలించి, రబ్బరు పిడి ఉన్న పటకారుతో దాని లోహపు భాగాన్ని ఇంజనుకు ఆనించి పట్టుకుని, మరొకరిని స్టార్టర్ తిప్పమనాలి. చటచటమంటూ నీలిరంగు రవ్వ వస్తే ఇగ్నిషన్‌లో దోషం లేదు. పసుపుపచ్చగా, నీరసంగా వచ్చినా, అసలు రాకపోయినా తప్పు అక్కడే ఉంది.

రవ్వ బాగుంటే, ఇగ్నిషన్ ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి కార్బ్యురేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ మీటను చేత్తో తిప్పాలి. లోపల రెండు సన్నని ధారలుగా పెట్రోలు చిమ్మాలి. చిమ్మకపోతే పెట్రోలు గొట్టంలోనే ఆవిరై, పంపు దానిని లాగలేకపోతున్నదని అర్థం. మీట తిప్పకుండానే చుక్కలు చుక్కలుగా కారుతూ ఉంటే, కార్బ్యురేటర్ గిన్నెలోని పెట్రోలు వేడికి మరిగి పొంగి ఇంజనును ముంచుతున్నదని అర్థం; అప్పుడు పెడల్‌ను నేల దాకా తొక్కి ఉంచి స్టార్ట్ చేస్తే అందుకుంటుంది. అమెరికాలో ఇప్పుడు అమ్మే పెట్రోలులో చాలావరకు 10 శాతం దాకా ఇథనాల్ ఉండడంతో ఈ బెడద ఎక్కువయింది. కార్బ్యురేటర్ కింద మందపాటి ఉష్ణనిరోధక దిమ్మ వేయడం, పెట్రోలు గొట్టాన్ని ఇంజను వేడికి దూరంగా జరపడం, ఇథనాల్‌కు తట్టుకునే కొత్త రబ్బరు గొట్టాలు వేయడం సరైన మరమ్మతు.

రవ్వ లేకపోతే అందరూ ముందు, బ్యాటరీ వోల్టేజీని రవ్వకు చాలినంతగా పెంచే కాయిల్ మారుస్తారు. నేనూ ఒకటి కాదు, మూడు మార్చాను. మూడోది కూడా చేయి పెట్టలేనంతగా కాలిపోయాక, డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని ఇగ్నిషన్ స్విచ్చి వెనుక వైర్లను ఒక్కొక్కటిగా వెతికాను. కాయిల్‌కు వెళ్లే గులాబీ రంగు వైరు ఉండవలసిన చోట, నల్ల టేపు చుట్టి అతికించిన మామూలు రాగి తీగ ఉంది. ఆ గులాబీ వైరు వట్టి వైరు కాదు. అదే ఒక రెసిస్టర్. కాయిల్‌కు నిండు 12 వోల్టులు అందకుండా అది అడ్డుకుంటుంది. కాయిల్ కరెంటును కలుపుతూ తెంచుతూ ఉండే పాయింట్లు మూసుకుని ఉండగా ఇగ్నిషన్ వేసి కాయిల్ ప్లస్ దగ్గర మల్టీమీటర్ పెడితే బ్యాటరీ వోల్టేజీలో సుమారు సగమే చూపాలి. పూర్తిగా చూపితే ఎవరో దానిని తప్పించారన్న మాటే. అలాంటి కారులో పాయింట్లు కూడా త్వరగా నల్లబడి గుంటలు పడతాయి.

వోల్టేజీ సరిగా ఉంటే, పాయింట్లు విడిపోయేటప్పుడు వాటి మధ్య రవ్వలు రాకుండా చూసే కండెన్సర్‌ను అనుమానించి మార్చాలి. ఆ చేత్తోనే పాయింట్ల సందును 0.017 అంగుళానికి సరిచేసి, సందు మారితే టైమింగ్ (రవ్వ పడే సమయం) కూడా మారుతుంది కనుక టైమింగ్‌ను మళ్లీ చూసుకోవాలి.

సమస్య: మీటర్ల ముళ్లన్నీ ఒకేసారి తప్పు చూపుతాయి

పెట్రోలు ముల్లు ఒక్కటే తప్పితే దోషం ట్యాంకులో పెట్రోలు మట్టాన్ని కొలిచే సెండర్‌ది. పెట్రోలు, ఉష్ణోగ్రత, ఆయిల్ ముళ్లు మూడూ కలిసి తప్పితే దోషం వాటన్నిటికీ సగటున 5 వోల్టులు పంపే చిన్న రెగ్యులేటర్‌ది. అది మీటర్ల పెట్టె వెనుక ఉంటుంది; లోపలి లోహపు రేకు వేడికి వంగి, విడిపోతూ కలుస్తూ పనిచేస్తుంది. మూడూ సున్నా దగ్గరే ఉంటే అది తెగిపోయింది, లేదా దానికి కరెంటు అందడం లేదు. మూడూ పైకి ఎగబాకితే అది అతుక్కుపోయి ఉండవచ్చు, లేదా దానికి ఎర్త్ సరిగా లేకపోవచ్చు. ఆలస్యం చేస్తే మీటర్లే కాలిపోతాయి కనుక వెంటనే ఇగ్నిషన్ ఆపివేయాలి. బ్యాటరీ వైరు విప్పిన తరువాతే మీటర్ల పెట్టెను బయటికి లాగి, ముందు ఎర్త్ తగిలే చోటును గరుకు కాగితంతో రుద్ది చూసి, అప్పటికీ కుదరకపోతే రెగ్యులేటర్ మార్చాలి.

సమస్య: వాన పడితే లోపల కాళ్ల దగ్గర నేల తడుస్తుంది

తడి జిగటగా, తియ్యని వాసనతో ఉంటే హీటర్ కారుతున్నది. మామూలు నీరయితే, అద్దం ముందున్న గాలి జాలీ కింది రేకు తుప్పు పట్టి చిల్లులు పడినట్టే. అక్కడ ఆకులు పేరుకుని, తడి ఆరక, గాలి రంధ్రాల చుట్టూ నిలబెట్టిన రేకు అంచు తినేస్తుంది. జాలీ మీద నీళ్ల గొట్టం పెట్టి, లోపల టార్చితో డ్యాష్‌బోర్డు కింద చూస్తే నీరు ఎటు నుంచి దిగుతున్నదో కనిపిస్తుంది. అతికించే ప్లాస్టిక్ అంచు కొంతకాలం ఆపుతుంది. శాశ్వతంగా బాగుచేయాలంటే స్పాట్ వెల్డింగులన్నీ డ్రిల్లుతో విప్పి, పై రేకు లేపి, కింద కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. ఇది చేయించకుండా నేల రేకు మార్పించిన వారు రెండోసారి మార్పించక తప్పదు. కొనబోయే కారుకు కూడా ఈ నీళ్ల పరీక్ష తప్పకుండా చేయండి.

సమస్య: బ్రేకు పెడల్ మెల్లగా కిందికి దిగుతుంది, లేదా కారు ఒక పక్కకు లాగుతుంది

మిగతావి వాయిదా వేయవచ్చు, దీనిని మాత్రం ఒక్క రోజు కూడా వేయకూడదు. 1966 వరకు, పెడల్ తొక్కిడిని ద్రవం ద్వారా చక్రాలకు పంపే మాస్టర్ సిలిండర్‌లో ఈ కారుకు ఒకటే గది ఉంది. ఏ ఒక్క చక్రం దగ్గర ద్రవం కారిపోయినా నాలుగు బ్రేకులూ పోతాయి. బయట ఎక్కడా తడి లేకుండా పెడల్ దిగుతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు అరిగింది. కారు ఒక పక్కకు లాగుతుంటే రెండు డ్రమ్ములూ విప్పి, డ్రమ్ముకు ఒరుసుకునే బ్రేకు షూలను తోసే వీల్ సిలిండర్ కారి షూ తడిసిందేమో చూడాలి. తడిసిన షూను కడిగి వాడకూడదు. పెడల్ వదిలినా ఒక చక్రం బిగుసుకునే ఉండి, బ్లీడర్ (బ్రేకులోని గాలి, ద్రవం బయటికి వదిలే మర) విప్పగానే వదిలితే, దాని రబ్బరు గొట్టం లోపల ఉబ్బి మూసుకుపోయింది.

ఫ్యాక్టరీ రూపాన్ని కాపాడడంలో నేను ఎంతో పట్టుదలగా ఉంటాను, కానీ ఇక్కడ మాత్రం 1967 డ్రమ్ బ్రేకుల మస్టాంగ్‌కు వచ్చిన రెండు గదుల మాస్టర్ సిలిండర్ వేసి, ముందు చక్రాలకు, వెనుక చక్రాలకు వేర్వేరు గొట్టాలు వేయించాను. అది వేశాక దూరంగా ఉన్న కుడి వెనుక చక్రంతో మొదలుపెట్టి, ఎడమ వెనుక, కుడి ముందు, ఎడమ ముందు వరుసలో బ్రేకు గొట్టాలలోని గాలి తీయాలి. తరువాత ఇంజను ఆపి ఉంచే పెడల్‌ను గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టి ఉంచి, అది అణువంత కూడా దిగకపోతేనే కారును ఇంటి ముందు నుంచి కదిలించాలి.