ఆసుపత్రి వైద్యంపై ఫిర్యాదు: ఎవరికి ఇవ్వాలి, ఎలా రాయాలి?

బిల్లు కౌంటర్ దగ్గర ఎంత గట్టిగా అరిచినా అది ఫిర్యాదు కిందకు రాదు. కాగితం మీద రాసిచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకున్నదే ఫిర్యాదు. దానికంటే ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది: కేస్ షీట్, అంటే వైద్యం వివరాలన్నీ పూటపూటా రాసిన ఆసుపత్రి రికార్డు, సంపాదించడం.

ముందు రికార్డులు

చాలామంది చేతిలో ఉండేది డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే. అది ఆసుపత్రి తన మాటల్లో రాసుకున్న సారాంశం. ఏ పూట ఏ ఇంజెక్షన్ ఇచ్చారు, బీపీ ఎప్పుడు పడిపోయింది, డాక్టర్ ఎన్నింటికి వచ్చి చూశారు అన్నవి నర్సుల నోట్సులో, మందుల చార్టులో ఉంటాయి. రోగి గానీ, వారి తరఫున అధికారం ఉన్నవారు గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతోంది. ఇన్‌పేషెంట్ రికార్డులను వైద్యం మొదలైన రోజు నుంచి 3 ఏళ్ళు భద్రపరచాలి కూడా. నోటితో అడిగితే ‘రేపు రండి’ అనే జవాబే ఎక్కువగా వస్తుంది కాబట్టి ఇలా రాసివ్వండి:

‘మెడికల్ సూపరింటెండెంట్ గారికి. మా నాన్నగారు (పేరు, ఇన్‌పేషెంట్ నంబరు) ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మీ ఆసుపత్రిలో చికిత్స పొందారు. కేస్ షీట్, నర్సుల నోట్సు, మందుల చార్టు, ఆపరేషన్ నోట్సు, సమ్మతి పత్రాలు, పరీక్షల రిపోర్టుల నకళ్ళు 72 గంటల్లో ఇప్పించగలరు.’

ఆ కాగితం తీసుకోబోమని వాళ్ళంటే స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. ప్రభుత్వాసుపత్రి అయితే సమాచార హక్కు చట్టం కింద కూడా అడగవచ్చు.

ఏ తప్పుకు ఏ గడప

మందు పడక దద్దుర్లో, ఫిట్సో వస్తే అది ఎవరి నిర్లక్ష్యమూ కాకపోవచ్చు. అయినా చెప్పాలి. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024కు రోగులే నేరుగా ఫోన్ చేయవచ్చు. మందు పేరు, బ్యాచ్ నంబరు అడుగుతారు కాబట్టి స్ట్రిప్ పారేయకండి.

ఆసుపత్రిలో సౌకర్యాలు, శుభ్రత, అనుమతులు, ధరల పట్టిక లాంటి వాటికి జిల్లా వైద్య ఆరోగ్యాధికారి, అంటే డీఎంహెచ్‌వో. ఆరోగ్యశ్రీ రోగి దగ్గర డబ్బు అడిగితే ఆసుపత్రిలో ఆ పథకం రోగులకు సాయపడే ఆరోగ్యమిత్రకు చెప్పి, 104కు ఫోన్ చేయండి. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా పిలుస్తున్న పథకానికీ దారి ఇదే. ప్రభుత్వాసుపత్రి మీదైతే ముందు సూపరింటెండెంట్‌కు. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీ బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే దానికో నంబరు పడుతుంది.

డాక్టర్ ప్రవర్తన, వృత్తిపరమైన నిర్లక్ష్యం అయితే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్. తెలంగాణకు హైదరాబాద్‌లో, ఆంధ్రప్రదేశ్‌కు విజయవాడలో ఉంది. ఇక్కడ ఫిర్యాదు డాక్టర్ పేరు మీద ఉండాలి, ఆసుపత్రి పేరు మీద కాదు. రిజిస్ట్రేషన్ నంబరు ప్రిస్క్రిప్షన్ మీద దొరుకుతుంది. తేదీలవారీగా ఏం జరిగిందో రాయండి. ‘కసాయివాళ్ళు’ లాంటి మాటలు ఎంత కడుపుమంట ఉన్నా వద్దు, అవి ఫైలును బలహీనపరుస్తాయి. కౌన్సిల్ మందలించగలదు, రిజిస్టర్ నుంచి పేరు తీసేయగలదు. పరిహారం మాత్రం ఇప్పించలేదు.

పరిహారం కావాలంటే

డబ్బు కట్టి చేయించుకున్న వైద్యం వినియోగదారుల చట్టం కిందకు వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. అందరికీ పూర్తి ఉచితంగా చేసే ప్రభుత్వాసుపత్రులు దీని పరిధిలోకి రావు. మీరు కట్టిన బిల్లు 50 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయాలి. చూసేది కట్టిన మొత్తాన్నే, అడిగే పరిహారాన్ని కాదు. బిల్లు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. 2019 చట్టం తెచ్చిన మంచి మార్పు ఏమిటంటే, హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించుకున్న శ్రీకాకుళం మనిషి శ్రీకాకుళంలోనే కేసు వేసుకోవచ్చు. వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. లాయరు తప్పనిసరి కాదు. కానీ నిర్లక్ష్యాన్ని రుజువు చేయాల్సింది మీరే కాబట్టి, అదే విభాగంలోని మరో డాక్టర్ రాతపూర్వక అభిప్రాయం ఉంటే కేసుకు బలం వస్తుంది. నిజం చెప్పాలంటే అది సంపాదించడమే అన్నిటికన్నా కష్టం. సాటి డాక్టర్ మీద సంతకం పెట్టడానికి ఎవరూ సులువుగా ముందుకు రారు. వేరే ఊళ్ళో అడిగి చూడండి.

గడువు 2 ఏళ్ళు. సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే వీలుంది గానీ, దాన్ని నమ్ముకోవద్దు. మెడికల్ కౌన్సిల్ నిర్ణయం వచ్చాక చూద్దామని ఆగకుండా రెండు చోట్లా ఒకేసారి వేయండి.