మీ ఫాంటసీ రాజ్యాన్ని ద్రాక్షారామం గోడల మీంచి మొదలుపెట్టండి

రోల్‌ప్లేయింగ్ గేమ్ (ఆటగాళ్లు తలో పాత్ర వేసి కథ నడిపే ఆట) కోసం రాజ్యం కట్టాలంటే అందరూ ముందు కోట, డ్రాగన్ గీసేస్తారు. వద్దు. ముందు ద్రాక్షారామం ఉన్న గోదావరి డెల్టా మ్యాప్ తీసుకుని కాలువలన్నీ చెరిపేయండి, ఎందుకంటే వాటికి నీళ్లిచ్చే ధవళేశ్వరం ఆనకట్ట వచ్చింది 1852లో. అంతకుముందు వరదొస్తే ముంపు, వాన పడకపోతే కరువు. మీ ఊళ్లన్నీ మెరక మీదే పెట్టండి, రేవు ఎవరి చేతిలో ఉందో తేల్చండి, సగం గొడవలు అవే పుడతాయి.

తర్వాత ద్రాక్షారామం శాసనాలు చూడండి. గుడిలో అఖండ దీపానికి దాత గొర్రెలిస్తాడు, వాటిని ఒక బోయ (మందల కాపరి) తీసుకుని మేపుతూ రోజూ నెయ్యి పోయాలి. మంద చచ్చిపోయిందనుకోండి, దీపం ఆరితే శాపం మేల్కొంటుందనుకోండి: ఆటగాళ్లకి మొదటి పని దొరికినట్టే! (బంగారు నాణేల మూట కంటే గొర్రెల మంద నాకు ఎప్పుడూ ఇష్టం.)

రాజకీయానికి పెళ్లిళ్లు చాలు. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడు చోళుల అల్లుడు, సింహాసనం కోసం సవతి తమ్ముడితో పోరు, చివరికి కొడుకు 1070లో కులోత్తుంగుడిగా చోళ గద్దే ఎక్కాడు. పేర్లు మార్చి, చుట్టరికాలు మాత్రం అలాగే ఉంచేయండి.

మంత్రాలు, రాక్షసులు ఆఖర్న కలపండి, అదీ కొంచెమే.