హైదరాబాద్ నీటిలో నొక్కుల జుట్టు: కడగడం నుంచి కత్తిరించడం దాకా

నొక్కుల జుట్టు ఉన్నవారిలో చాలామందికి తమది నొక్కుల జుట్టని తెలియదు. తలస్నానం చేసి, తువ్వాలుతో గట్టిగా తుడిచి, ఆరాక దువ్వెన పెడితే అది నిటారుగానూ ఉండదు, ఉంగరాలూ తిరగదు. అన్ని వైపులా రేగిపోయి, నూనె రాస్తే గాని అణగదు. ఇంట్లో పెద్దవాళ్లు "తల దువ్వుకోలేదా అమ్మా?" అని అడిగేది ఇలాంటి జుట్టును చూసే. నిజానికి అప్పుడే దువ్వారు కాబట్టే అది అలా రేగి ఉంటుంది.

తెలుసుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. తలస్నానం చేశాక తడి మీదే పెద్ద పళ్ల దువ్వెనతో చిక్కు తీసి, ఏమీ రాయకుండా, చేత్తో ముట్టకుండా, ఫ్యాను గాలికి దూరంగా ఆరనివ్వాలి. ఆరిన పాయలు ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వంపులు తిరిగితే అది నొక్కుల జుట్టు; స్ప్రింగులా చుట్టుకుంటే ఉంగరాల జుట్టు. అమెరికన్ కేశాలంకరణ నిపుణుడు ఆండ్రే వాకర్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన వర్గీకరణలో నొక్కుల జుట్టుది రెండో తరగతి: కాస్త మాత్రమే వంగేది 2ఎ, ఎస్ ఆకారం స్పష్టంగా కనిపించేది 2బి, దట్టంగా నొక్కులు పడి త్వరగా రేగిపోయేది 2సి. ఒకే తలలో నడినెత్తిన ఒక రకం, మెడ వెనక మరో రకం ఉండటం మామూలే కాబట్టి ఈ అంకెల గురించి పెద్దగా ఆలోచించనక్కరలేదు. వెంట్రుక సన్నమా లావా అన్నదే అంతకంటె ముఖ్యం, ఎందుకంటే సన్నని వెంట్రుకలు కొద్దిపాటి క్రీముకే బరువెక్కి నొక్కులు జారిపోతాయి.

వెంట్రుక కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది. కుదురు వంపును బట్టి పుట్టిన ఆకారాన్ని గంధకపు బంధాలు నిలబెడతాయి. వీటిని నీరు కదపలేదు. వీటితో పాటు ఉండే హైడ్రోజన్ బంధాలు మాత్రం తడిస్తే విడిపోయి, ఆరేటప్పుడు జుట్టు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే మళ్లీ కుదురుకుంటాయి. తడి జుట్టు పొడిగా మారే ఆ కాస్త సమయంలో దాన్ని కదిపామా, కదపకుండా ఉంచామా అన్నదాని మీదే ఆ రోజు నొక్కులు ఆధారపడతాయి. పైగా వెంట్రుక తన బరువులో సుమారు 30 శాతం దాకా నీటిని పీల్చుకోగలదు కనుక, ఆరిన తర్వాత కూడా గాలిలోని తేమ ఈ బంధాలను సడలిస్తూనే ఉంటుంది. అందువల్ల ఈ జుట్టును చూసుకోవడమంటే ప్రధానంగా నీటిని చూసుకోవడమే: ఏ నీటితో కడుగుతున్నాం, ఆ నీరు ఎలా ఆరుతోంది, గాలిలోని తేమ ఎంత లోపలికి పోతోంది. ఏ కంపెనీ సీసా కొనాలన్నది ఆ తర్వాతి సంగతి.

ముందు నీటి సంగతి

హైదరాబాద్‌లో జలమండలి సరఫరా చేసే కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు జుట్టుకు పెద్దగా ఇబ్బంది పెట్టవు. ఇబ్బంది బోరు నీటితోనే. చాలా అపార్ట్‌మెంట్లలో వంటింట్లో ఒక కుళాయికి మంజీరా నీళ్లు వస్తే, స్నానాల గదికి బోరు నీళ్లో, ఎండాకాలంలో ట్యాంకరు నీళ్లో వస్తాయి. ఆ నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటే అవి వెంట్రుకల మీద పేరుకుని, జుట్టు గరుకుగా, కాంతి లేకుండా, ఏ కండిషనరుకూ లొంగకుండా తయారవుతుంది. ఊరు మారిన కొద్ది వారాలకే జుట్టు పాడయిందని చెప్పేవారిలో కొందరి విషయంలో మారింది షాంపూ కాదు, నీరు.

నీటి కాఠిన్యాన్ని ఇంట్లోనే అంచనా వేయవచ్చు. బకెట్ అంచున, కుళాయి మూతి దగ్గర తెల్లటి పొర గడితే, సబ్బు నురగ రాకుండా విరిగిపోతుంటే, ఆ నీళ్లలో కందిపప్పు ఎంతకీ ఉడకకపోతే అది కఠిన జలమే. ఖచ్చితంగా కావాలంటే అపార్ట్‌మెంటు సంఘం చేయించిన నీటి పరీక్ష నివేదిక అడగండి. తాగునీటికి మన దేశంలో అమలులో ఉన్న ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు ఆమోదయోగ్యం, వేరే నీరు దొరకనప్పుడు 600 దాకా అనుమతిస్తారు. ఇవి తాగడానికి పెట్టిన హద్దులు, జుట్టు కోసం పెట్టినవి కావు.

కుళాయికి తగిలించే చిన్న షవర్ ఫిల్టర్లు చాలావరకు క్లోరిన్‌నూ మట్టినీ తగ్గిస్తాయే గాని కాఠిన్యాన్ని అంతగా తగ్గించవు. ఉప్పు వేసి శుద్ధి చేసుకునే రెజిన్ సాఫ్టెనర్ పని చేస్తుంది. అది లేని ఇంట్లో అన్నిటికంటె చవకైన ఉపాయం, బోరు నీళ్లతోనే తల కడుక్కుని, చివరగా రెండు చెంబుల మంజీరా నీళ్లు పోసుకోవడం. ఆర్‌ఓ యంత్రం నుంచి వృథాగా పోయే నీటిని పట్టి ఇంటిపనులకు వాడటం మంచి అలవాటే అయినా, అందులో లవణాలు మరింత చిక్కబడి ఉంటాయి కనుక తలకు మాత్రం వాడకూడదు.

అప్పటికే పేరుకున్న లవణాలను తీయడానికి నెలకు ఒకసారి లవణాలను పట్టుకుని వదిలించే డైసోడియం ఇడిటిఎ గాని, టెట్రాసోడియం ఇడిటిఎ గాని ఉన్న క్లారిఫైయింగ్ షాంపూ వాడవచ్చు. లీటరు నీటిలో ఒక పెద్ద చెంచా వెనిగర్ కలిపి పోసుకుని, వెంటనే మంచి నీళ్లతో కడిగేయడం కూడా కొంత ఉపకరిస్తుంది. నిమ్మకాయను నేరుగా తలకు రుద్దడం మాత్రం మానుకోవాలి. దాని ఆమ్లత్వం ఎక్కువ, పైగా నిమ్మరసం అంటిన చర్మం మీద ఎండ పడితే మచ్చలు, బొబ్బలు రావచ్చు.

తలంటు

కొబ్బరి నూనెకు ఉన్న పేరు ఉత్తదేమీ కాదు. అందులోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి ఇంకగలదు కనుక, తలస్నానానికి ముందు రాసుకుంటే కడిగేటప్పుడు పోయే ప్రోటీన్ తగ్గుతుందని 2003లో వెలువడిన ఒక భారతీయ పరిశోధన తేల్చింది. పొద్దుతిరుగుడు నూనెకు, మినరల్ ఆయిల్‌కు ఆ గుణం కనబడలేదు. అయితే నొక్కుల జుట్టుకు నూనె ఓడేలా పట్టించనక్కరలేదు. అరచేతికి అంటేంత నూనె తీసుకుని చెవుల కింది భాగానికే రాసి, గంటో రెండు గంటలో ఉంచితే చాలు. చుండ్రు ఉన్నవారు మాడుకు నూనె పెట్టకపోవడమే మేలు, ఎందుకంటే చుండ్రుకు తోడ్పడే మలసీజియా అనే ఫంగస్‌కు అదే ఆహారం.

కుంకుడుకాయ వాడేవారు మానేయనవసరం లేదు. అందులోని సపోనిన్లు సబ్బులాగా కఠిన జలంతో కలిసి తెట్టు కట్టవు. బోరు నీటి ఊళ్లో ఇది చిన్న సౌకర్యం కాదు. కాయలు చితక్కొట్టి, గింజలు తీసేసి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి పిసికి, ఆ రసాన్ని తప్పకుండా వడకట్టాలి. పిప్పి నొక్కుల్లో చిక్కుకుంటే తీయడం కష్టం. రసంలో గుప్పెడు మందారాకులు నలిపితే వచ్చే జిగురు జుట్టుకు జారుడుతనం ఇస్తుంది. ఇంత చేసినా కుంకుడు జుట్టును కాస్త పొడిబారుస్తుంది కాబట్టి ఆ తర్వాత కండిషనర్ తప్పదు.

షాంపూ వాడేవారు సీసా వెనక సోడియం లారిల్ సల్ఫేట్ కంటె కోకామిడోప్రొపైల్ బీటైన్, డెసిల్ గ్లూకోసైడ్ వంటి మృదువైన పదార్థాలు ముందు వరుసలో ఉన్నదాన్ని ఎంచుకోవాలి. వారానికి రెండుసార్లు సరిపోతుంది; రోజూ ట్రాఫిక్ దుమ్ములో, చెమటలో తిరిగేవారికి మూడుసార్లు కావాలి. షాంపూ మాడుకే రుద్దాలి. కిందికి జారే నురగతోనే మిగిలిన జుట్టు శుభ్రపడుతుంది. కండిషనర్ దీనికి సరిగ్గా తిరగేసి, మాడును వదిలి పొడవునా పట్టించాలి. చిక్కు తీయాల్సింది అప్పుడే: కండిషనర్ తలమీద ఉండగానే, పెద్ద పళ్ల దువ్వెనతో, కొసల నుంచి మొదలుపెట్టి పైకి వెళ్తూ. ఇక మళ్లీ తలస్నానం దాకా ఆ జుట్టుకు దువ్వెన తగలకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే మిగతావాటిలో సగం పాటించకపోయినా ఫలితం కనిపిస్తుందని నా ఉద్దేశం.

కండిషనర్లలో నునుపు కోసం కలిపే సిలికోన్ల మీద ఉన్న భయం కొంచెం ఎక్కువే. వాటిలో ఒకటైన డైమెథికోన్ విషం కాదు; సన్నని జుట్టు మీద పేరుకుని బరువెక్కిస్తుంది, లావు జుట్టును వానాకాలంలో తేమ నుంచి కాపాడుతుంది. ఎవరి జుట్టును బట్టి వారు నిర్ణయించుకోవాలి.

నొక్కులు నిలబెట్టడం

స్నానాల గదిలోంచి బయటికి రాకముందే, జుట్టు నుంచి నీళ్లు కారుతుండగానే ఈ పని మొదలుపెట్టాలి. తల ముందుకు వంచి, జెల్‌ను రెండు అరచేతులకూ పూసుకుని, ముందు పాయల పైనుంచి కిందికి మృదువుగా నిమరాలి. ఆ తర్వాత కొసలను అరచేతిలోకి తీసుకుని, పైకి లేపుతూ మాడు వైపుకు గుప్పిట నొక్కి, వదలాలి. పిండినట్టు కాకుండా, నీళ్లు చప్పుడు చేస్తూ కారేలా నొక్కితే జెల్ సమంగా అంటుకుంటుంది. అలా తల చుట్టూ చేశాక, నీటిని తుడవకుండా అద్దాలి. నూలు పోగులు పైకి తేలిన తువ్వాలు నొక్కులను చెదరగొడుతుంది కనుక పాత నూలు పంచె ముక్క గాని, పాత టీషర్టు గాని వాడాలి. జుట్టంతా ఆ గుడ్డలో పడేలా వంగి, నెత్తి మీదికి చుట్టి, పది పదిహేను నిమిషాలు ఉంచితే అదనపు నీరు పోతుంది, నొక్కులు ఉన్నచోటే ఉంటాయి.

తర్వాత చేయాల్సింది ఏమీ లేదు, కష్టమంతా అక్కడే ఉంది. ఆరేదాకా చెయ్యి పెట్టకూడదు. ఆఫీసుకు వేళయితే హెయిర్ డ్రయ్యరుకు, గాలిని ఒకేచోట పడకుండా చెదరగొట్టే వెడల్పాటి మూతి (డిఫ్యూజర్) తగిలించి, తక్కువ వేడిమీద, తక్కువ గాలితో ఆరబెట్టవచ్చు. పూర్తిగా ఆరాక జుట్టు గంజి పెట్టిన నూలు చీరలా బిరుసుగా ఉంటుంది. చాలామంది ఇక్కడే భయపడి జెల్ మానేస్తారు. ఒకటి రెండు చుక్కల నూనె చేతులకు రాసుకుని, అవే పాయలను మళ్లీ గుప్పిట నొక్కి వదిలితే ఆ బిరుసు విరిగి, మెత్తటి నొక్కులు మిగులుతాయి. తడి ఏమాత్రం మిగిలి ఉన్నా ఈ పని చేయకూడదు.

జెల్ ఇంట్లో చేసుకోవాలంటే పావు కప్పు అవిసె గింజలకు రెండు కప్పుల నీళ్లు పోసి, అడుగంటకుండా కలుపుతూ మరిగించాలి. గరిటె నుంచి తీగ సాగుతున్నప్పుడు దించి, వేడిమీదే వడకట్టాలి. చల్లారిందంటే జిగురు గింజలను వదలదు. బేగంబజార్‌లోనైనా వీధి చివరి కిరాణా కొట్టులోనైనా గింజలు దొరుకుతాయి, ఖర్చు స్వల్పం. నిల్వకారకాలు ఉండవు కనుక ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు వాడేయాలి.

కాలాన్ని బట్టి

జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలిలో తేమ ఎక్కువ. గ్లిజరిన్ ఎక్కువగా ఉన్న క్రీములు ఆ తేమను వెంట్రుకల్లోకి లాగి ఉబ్బిస్తాయి కాబట్టి అప్పుడు వాటిని తగ్గించి, గట్టిగా పట్టి ఉంచే జెల్ వాడాలి. ఏప్రిల్, మే నెలల పొడి ఎండలోనూ, డిసెంబరు, జనవరి చలిలోనూ సమస్య తేమ లేకపోవడం. రోజంతా ఏసీలో కూర్చునేవారికి ఏడాది పొడవునా అదే పరిస్థితి. అప్పుడు జెల్‌కు ముందు, బఠాణీ గింజంత కండిషనర్‌ను కొసలకు రాసి కడగకుండా వదిలేయాలి. వానాకాలంలో సాంబ్రాణి పొగ పట్టే ఇళ్లలో జుట్టును పొగ మీద కదపకుండా, దూరంగా పరిచి ఉంచాలి.

ద్విచక్ర వాహనం నడిపేవారికి హెల్మెట్ తప్పదు, తప్పించుకోకూడదు కూడా. తడి జుట్టు మీద హెల్మెట్ పెడితే అది నొక్కిన ఆకారంలోనే ఆరిపోతుంది, మాడు కూడా దురద పెడుతుంది. జుట్టు ఆరాక, మెడ దగ్గర వదులుగా ఒక జడ వేసి, తలకు పలుచని శాటిన్ గుడ్డ కట్టుకుని హెల్మెట్ పెట్టుకోవాలి. చేరాక చేతులు తడిచేసుకుని, అణిగిన పాయలను మాత్రం గుప్పిట నొక్కితే చాలావరకు తేరుకుంటాయి. రాత్రి పడుకునేటప్పుడు నెత్తిమీద వదులైన ముడి వేసుకుంటే రెండో రోజుకు ఇదే చిట్కా సరిపోతుంది.

పార్లర్లలో కెరటిన్ చికిత్స పేరుతో జుట్టును సాపు చేసే ద్రావణాల్లో కొన్ని వేడి తగిలితే ఫార్మాల్డిహైడ్‌ను వదులుతాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. నొక్కులు రేగుతున్నాయన్న కారణానికి అంత దూరం వెళ్లనవసరం లేదు.

కత్తిరింపు విషయానికి వస్తే, తడి జుట్టు సాగి ఉంటుంది, ఆరాక పైకి లేచి పొట్టి అవుతుంది. అందుకే తలస్నానం చేసి, నొక్కులు సహజంగా ఆరిన స్థితిలోనే పార్లరుకు వెళ్లి, పొడి మీదే కత్తిరించమని అడగాలి. రేజరు, జుట్టును పలుచన చేసే పళ్ల కత్తెర వాడవద్దని కూర్చోగానే చెప్పాలి, అవి కొసలను చీల్చి రేపుతాయి. ఒకే పొడవున కత్తిరిస్తే కింది భాగం గొడుగులా విచ్చుకుంటుంది కాబట్టి పొడవాటి లేయర్లు అడగడం మంచిది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కనుక, మూడు నాలుగు నెలలకు ఒకసారి కొసలు ఒక సెంటీమీటరు తీయించుకున్నా పొడవు తగ్గదు.