వీలునామా లేని భూమి: విరాసత్ ఎక్కడ ఆగింది, ఎట్లా కదిలింది (నా అనుభవం)

పరకాల దిక్కు 3 ఎకరాల 20 గుంటల స్వార్జిత పట్టా భూమి. పట్టాదారు వీలునామా రాయకుండానే పోయారు, విరాసత్ (చనిపోయినవారి భూమిని వారసుల పేర్ల మీదికి మార్చడం) ఆగింది. పెద్దమనుషుల పంచాయితీ, తెల్లకాగితం ఒప్పందం, కొడుకులిద్దరి పేర్లతోనే దరఖాస్తు: ఏదీ అక్కరకు రాలేదు.

చిక్కంతా కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో ఉంది. చనిపోయినాయన తల్లి పేరు అందులో లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, ఆడబిడ్డలతో పాటు బతికున్న తల్లికీ సమాన వాటా ఉంటుంది. నాయినమ్మను మరవడం పెద్ద అన్యాయం, ఫైలు ఆగేదీ అక్కడే. మరణ ధ్రువపత్రం పెట్టి, మీసేవలో ఐదు పేర్లతో ఆ పత్రం మళ్లీ తీయించాం. తర్వాత లెక్క గుంటల్లో వేశాం: మొత్తం 140, తలా 28. సర్వే నంబరు వారీగా ఎవరికెంతో రాసి, పాసుబుక్కు విస్తీర్ణంతో గుంట తేడా లేకుండా సరిచూసి, నలుగురి సంతకాలు, నాయినమ్మ వేలిముద్ర తీసుకున్నాం. ఆ తర్వాతే స్లాటు, అంటే తహసీల్దారు దగ్గర హాజరయ్యే తేదీ, తీసుకున్నాం. ఆ రోజు అందరూ ఆధార్ కార్డులతో తహసీల్దారు ముందుకు వచ్చారు.

ఆడబిడ్డ తన వాటా వద్దన్నా నోటిమాట నిలవదు. హక్కు విడుదల పత్రం రిజిస్టర్ కావాలి.

ఇక్కడ ఐదుగురూ ఒప్పుకున్నారు కాబట్టి పని జరిగింది. ఒక్కరు మొండికేస్తే సివిల్ కోర్టులో పంపకాల దావా వేయాల్సి రావచ్చు. తాతల ఆస్తయితే వాటాల లెక్క కూడా మారొచ్చు, ముందు వకీలుకు కాగితాలు చూపించండి.